టైరోసినేజ్: చర్మవర్ణక ఎంజైము ఔషధలక్ష్యంగా మారిన చరిత్ర

వ్యాససంగ్రహం: మానవ చర్మానికి, వెంట్రుకలకు, కంటిపాపకు రంగునిచ్చే మెలనిన్ తయారీలో టైరోసినేజ్ అనే ఎంజైముది కీలకపాత్ర. 19వ శతాబ్ది చివర పుట్టగొడుగులో గుర్తించిన ఈ ఎంజైము 20వ శతాబ్ది మధ్యనాటికి వైద్యులకు ఔషధలక్ష్యమైంది. దీనిని అణచడానికి వాడిన పదార్థాలలో కొన్ని వాడినవారి చర్మానికే చేటు తెచ్చాయి. ఆ వైఫల్యాలకు ఎంజైము స్వభావంలోనూ, పరిశోధనాపద్ధతిలోనూ ఉన్న కారణాలను చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: టైరోసినేజ్, మెలనిన్, డోపా, హైడ్రోక్వినోన్, ఆక్రోనోసిస్, రోడోడెండ్రాల్, ఆల్బినిజం.

ఉపోద్ఘాతం

తరిగిన వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో, అరటికాయ ముక్కలను పలుచని మజ్జిగలో వేయడం తెలుగువారి వంటింటి అలవాటు. అలా వేయకపోతే అవి గాలి తగిలి నల్లబడతాయి. ఆ నలుపుకు కారణం గాలి ఒక్కటే కాదు. కాయ కండలో ఉన్న రాగి ఎంజైము ఒకటి, కత్తి కోతతో కణాలు చితికినప్పుడు, అక్కడి ఫినాల్ పదార్థాలను గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఆక్సీకరిస్తుంది. ఆ కుటుంబానికే చెందిన మరో ఎంజైము మనిషి చర్మంలో ఉంది. దానినే టైరోసినేజ్ అంటారు.

చర్మపు పైపొర అడుగుభాగాన ఉండే మెలనోసైట్లు అనే వర్ణకకణాలలో, మెలనోసోములనే చిన్న సంచులలో టైరోసినేజ్ పనిచేస్తుంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చడం, ఆ విధంగా ఏర్పడే ద్విఫినాల్ రూపాన్ని డోపాక్వినోన్‌గా ఆక్సీకరించడం దాని పని. ఇందుకు దాని క్రియాశీల స్థానంలోని రెండు రాగి అయాన్లు ఆధారం. ఒక్కొక్క అయానును మూడేసి హిస్టిడిన్‌లు పట్టి ఉంచుతాయి. డోపాక్వినోన్ ఏర్పడిన తరువాతి చర్యలు చాలావరకు వాటంతట అవే సాగగలవు. సిస్టీన్ అందుబాటులో ఉంటే ఎరుపు పసుపుల ఫియోమెలనిన్, లేకుంటే గోధుమ నలుపుల యూమెలనిన్ ఏర్పడతాయి. అందువల్ల మెలనిన్ తయారీ మొత్తానికి వేగాన్ని నిర్ణయించేది మొదటి మెట్టే. ఆ మెట్టును అడ్డగిస్తే రంగు తగ్గుతుందన్న ఊహ తర్కబద్ధమైనదే. దాదాపు ఏడు దశాబ్దాల ఔషధ పరిశోధన ఆ ఊహ మీదే నిలిచింది.

అయితే ఆ ఊహలో ఒక లోపం మొదటినుండీ ఉంది. మూసివేయదగిన తలుపుగా ఎంజైమును భావించిన పరిశోధకులు, అది తన ముందుకు వచ్చిన ఫినాల్‌ను మార్చివేసే స్వభావం గలదన్న సంగతికి తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు. దానిని అణచడానికి పంపిన పదార్థాలలో ఎక్కువ భాగం కూడా ఫినాల్‌లే కావడం ఈ చరిత్రకు మూలమైన చిక్కు.

పుట్టగొడుగు నుండి చర్మానికి

రసులా నిగ్రికన్స్ అనే పుట్టగొడుగును కోస్తే దాని కండ మొదట ఎర్రబడి, పిదప నల్లబడుతుంది. ఫ్రాన్సులో ఎమిల్ బూర్‌క్వెలో, గాబ్రియెల్ బెర్ట్రాన్ 1895లో ఈ నల్లబాటును పరిశీలించి, దాని వెనుక ఒక ఆక్సీకరణ ఎంజైము ఉందని చూపారు. మరుసటి ఏడాది, 1896లో, బెర్ట్రాన్ దానికి టైరోసినేజ్ అని పేరుపెట్టాడు. అంటే చర్మంతో ఏ సంబంధమూ లేని పరిశోధనలో ఈ ఎంజైము నామకరణం జరిగింది. అప్పటి ప్రశ్న వృక్షరసాయనానికి సంబంధించినది.

చర్మం వైపు దారి తీసినది బాసెల్, జ్యూరిచ్ నగరాలలో జరిగిన కృషి. 1913లో మార్కస్ గుగెన్‌హైమ్ ఐరోపాలో కూరకు వాడే ఒక చిక్కుడు జాతి నుండి డోపాను వేరుచేశాడు. దాని ప్రభావం తెలుసుకోవడానికి తానే రెండున్నర గ్రాములు మింగి, తీవ్రమైన వాంతులకు గురయ్యాడు. అదే డోపాను 1917లో చర్మవైద్యుడు బ్రూనో బ్లాక్ మరొక పనికి వాడాడు. చర్మపు పలుచని కోతలను డోపా ద్రావణంలో ఉంచితే వర్ణకకణాలు మాత్రమే నల్లబడడం ఆయన గమనించాడు. ఆ కణాలలోని ఎంజైముకు డోపా ఆక్సిడేజ్ అని పేరిచ్చి, అది డోపా మీద తప్ప టైరోసిన్ మీద పనిచేయదని వాదించాడు. సూక్ష్మదర్శిని కింద వర్ణకకణాలను స్పష్టంగా గుర్తించే సాధనాన్ని ఆయన అందించాడు. అదే సమయంలో మనిషి చర్మంలో టైరోసినేజ్ ఉందా లేదా అన్న వివాదానికి కూడా ఆయనే కారకుడయ్యాడు. ఆ వివాదం మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

డోపా చరిత్రలో మద్రాసుకు ఒక చోటు ఉంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిలో, విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో పనిచేసిన దామోదరన్, రామస్వామి 1937లో దూలగొండి గింజల నుండి డోపాను వేరుచేసి బయోకెమికల్ జర్నల్‌లో ప్రకటించారు. కాయ మీది నూగు తగిలితే దురద పుట్టించే తీగగా మన పల్లెలకు తెలిసిన దూలగొండి, ఆ విధంగా రసాయనశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది. వారి పరిశోధన చర్మవర్ణానికి సంబంధించినది కాదు. ఆ గింజల ప్రాధాన్యం ఎక్కువగా ప్రచారమైనది 1960లలో పార్కిన్సన్ వ్యాధికి డోపా చికిత్స వచ్చిన తరువాతనే.

ఈలోగా ఇంగ్లండులో హెచ్. ఎస్. రేపర్ 1920లలో టైరోసిన్ నుండి మెలనిన్ వరకు గల రసాయన దశలను ఒక్కొక్కటిగా గుర్తించాడు. 1940లలో హెచ్. ఎస్. మేసన్ ఆ క్రమాన్ని సవరించి విస్తరించాడు. నేటికీ పాఠ్యగ్రంథాలు దానిని రేపర్-మేసన్ మార్గమనే పిలుస్తున్నాయి. 1930ల చివర కుబోవిట్జ్ బంగాళదుంప ఎంజైములోనూ, కీలిన్, మాన్ పుట్టగొడుగు ఎంజైములోనూ రాగిని నిరూపించారు. చివరకు 1950లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఆరన్ లెర్నర్, వారి సహచరులు సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన మానవ చర్మంలో టైరోసినేజ్ ఉనికినీ, మెలనిన్ తయారీలో దాని పాత్రనూ స్థాపించింది. బ్లాక్ లేవనెత్తిన వివాదం అక్కడ ముగిసింది.

తొడుగుల కథ

ఎంజైము ఉనికి చర్మంలో స్థిరపడకముందే దానిని అణచగల పదార్థం ఒకటి మనుషుల చేతుల మీద తన పని చేసి చూపింది. 1939లో ఆలివర్, ష్వార్ట్జ్, వారెన్ అనే వైద్యులు అమెరికాలోని ఒక తోళ్ల పరిశ్రమ కార్మికులలో వచ్చిన తెల్లమచ్చల గురించి నివేదించారు. మచ్చలు చేతుల మీద, ముంజేతుల మీద, రబ్బరు తొడుగులు కప్పిన మేరకు ఏర్పడ్డాయి. విచారించగా ఆ రబ్బరు చెడిపోకుండా కలిపిన హైడ్రోక్వినోన్ మోనోబెంజైల్ ఈథర్ అనే పదార్థం కారణమని తేలింది. దీనినే తరువాత మోనోబెంజోన్ అన్నారు.

ఇంతకు మూడేళ్ల ముందు, 1936లో, జర్మనీలో ఏటెల్ అనే పరిశోధకుడు హైడ్రోక్వినోన్ తినిపించిన నల్లపిల్లుల వెంట్రుకలు కొన్ని వారాలలో నెరిసినట్లు గమనించాడు. విషప్రభావాల పరిశీలనలో అదొక అనుబంధ విషయంగానే మిగిలింది. కార్మికుల చేతులు తెల్లబడిన తరువాతే ఫినాల్ పదార్థాలకూ వర్ణకానికీ గల సంబంధం వైద్యుల దృష్టికి బలంగా వచ్చింది. ప్రయోగశాలలో ఊహించి వెదకిన మందు కాదిది. వృత్తిరోగాన్ని మందుగా తిరగేసి చూసిన ఫలితమిది. ఈ క్రమాన్ని గమనించకపోతే తరువాతి పరిణామాలు అర్థం కావు.

1950లలో మోనోబెంజోన్ లేపనాన్ని ముఖంపై నల్లమచ్చలకు చికిత్సగా ప్రయత్నించారు. 1952లో డెంటన్, లెర్నర్, ఫిట్జ్‌పాట్రిక్ మెలనిన్ ఏర్పడకుండా రసాయనాలు అడ్డుపడే తీరుపై పరిశోధన ప్రకటించారు. కాని మోనోబెంజోన్ రంగును తగ్గించి ఊరుకోలేదు. కొందరి చర్మంపై శాశ్వతమైన తెల్లచుక్కలను మిగిల్చింది. లేపనం రాసిన చోటే కాక దూరాన కూడా అవి కనిపించాయి. దానితో ఆ మందు పరిధి కుదించుకుపోయింది. బొల్లి శరీరమంతటా వ్యాపించి, కొద్దిచోట్ల మాత్రమే సహజవర్ణం మిగిలిన రోగులకు, ఆ మిగిలిన రంగును కూడా తొలగించి చర్మాన్ని ఏకరూపం చేయడానికి మాత్రమే దానిని వాడసాగారు.

ఇందుకు కారణం చాలాకాలం తరువాత స్పష్టమైంది. మోనోబెంజోన్ టైరోసినేజ్‌కు అడ్డుపడే పదార్థం మాత్రమే కాదు, దానికి అధస్థ పదార్థం కూడా. అనగా ఎంజైము దానిని స్వీకరించి క్వినోన్‌గా మారుస్తుంది. చురుకైన ఆ క్వినోన్ ఎంజైముకే అతుక్కొని దాని రూపాన్ని మారుస్తుంది. మారిన ఆ ప్రోటీనును శరీర రక్షణవ్యవస్థ పరాయిదిగా గుర్తించి వర్ణకకణాల మీద దాడిచేస్తుంది. ఎంజైము ఎక్కువగా పనిచేసే కణమే ఎక్కువగా దెబ్బతింటుంది.

1975

మోనోబెంజోన్ వెనుకకు తగ్గిన స్థానంలోకి హైడ్రోక్వినోన్ వచ్చింది. 1961లో స్పెన్సర్, 1965లో ఆర్న్‌డ్ట్, ఫిట్జ్‌పాట్రిక్ దాని లేపన ప్రయోగాలను ప్రకటించారు. దాని ప్రభావం సాధారణంగా తాత్కాలికమనీ, వాడకం మానితే రంగు తిరిగి వస్తుందనీ తేలడంతో అది సురక్షితమైనదిగా పేరు పొందింది. 1974లో జింబో, ఫిట్జ్‌పాట్రిక్ ప్రభృతులు నల్ల గినీపందుల చర్మంపై జరిపిన పరిశీలనలో, హైడ్రోక్వినోన్ మెలనోసోముల నిర్మాణాన్ని చెదరగొట్టి వర్ణకకణాలను కూడా దెబ్బతీయగలదని కనిపించింది. ఎంజైమును ఆపడం, కణాన్ని గాయపరచడం అన్న రెండింటి మధ్య గీత అంత స్పష్టమైనది కాదని ఆ పరిశీలన నుండి గ్రహించవలసింది.

1975 ఈ చరిత్రలో చిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, విల్లిస్ ఒక మిశ్రమాన్ని ప్రకటించారు. అందులో 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినాయిన్, 0.1 శాతం డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ ఉన్నాయి. ముఖంపై వచ్చే మంగుమచ్చలకు నేటికీ వాడే మూడు మందుల లేపనాలన్నిటికీ అదే మూలం. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారంలో ఖైదీలపై ఏళ్ల తరబడి చర్మప్రయోగాలు జరిపిన వ్యక్తిగా క్లిగ్‌మన్ పేరు వైద్యనీతి చర్చలలో నేటికీ వినిపిస్తుందన్నది ఇక్కడ మరువరాని విషయం.

అదే ఏడాది దక్షిణాఫ్రికా నుండి ఫిండ్లే, మారిసన్, సింసన్ మరొక నివేదిక వెలువరించారు. తెల్లబరచే లేపనాలను దీర్ఘకాలం వాడిన నల్లజాతి స్త్రీల ముఖాలపై నీలినలుపు మచ్చలు, గరుకు బుడిపెలు ఏర్పడినట్లు వారు వర్ణించారు. అది బాహ్యకారణ ఆక్రోనోసిస్. ఆక్రోనోసిస్ అన్న మాటను 1866లో విర్కో సృష్టించాడు. ఆల్కాప్టోన్యూరియా అనే జన్యురోగంలో హోమోజెంటిసిక్ ఆమ్లం పేరుకుని మృదులాస్థి నల్లబడే స్థితికి అది పేరు. అటువంటి వర్ణకమే హైడ్రోక్వినోన్ వల్ల చర్మంలో నిలిచిపోయింది. రంగు తగ్గాలని రాసిన మందు చెరగని నలుపును మిగిల్చింది. నల్లబడిన కొద్దీ మరింత లేపనం రాయడం, రాసిన కొద్దీ మరింత నల్లబడడం అనే వలయంలో ఎందరో చిక్కుకున్నారు.

వర్ణవివక్ష చట్టమై పాలించిన దేశంలో చర్మపు రంగు జీవనోపాధితో, నివాసంతో, గౌరవంతో ముడిపడి ఉంది. అక్కడి స్త్రీలు ఈ లేపనాలను కొన్నది కేవలం అలంకరణ కోసమేనని చెప్పడం చరిత్రకు న్యాయం చేయదు. ఈ విషయంపై లిన్ థామస్ 2020లో వెలువరించిన గ్రంథం, తెల్లబరచే లేపనాల వ్యాపారం దేశాల మధ్య ఎట్లా సాగిందో, దక్షిణాఫ్రికాలో వైద్యులూ నల్లజాతి చైతన్య ఉద్యమకారులూ దానిని ఎట్లా ఎదిరించారో వివరిస్తుంది. 1990లో ఆ దేశం సౌందర్య లేపనాలలో హైడ్రోక్వినోన్‌ను నిషేధించింది. చర్మాన్ని తెల్లబరుస్తుందన్న ప్రకటనలను కూడా నిషేధించడం ఆ చట్టంలోని విశేషం. ఐరోపా సమాఖ్య 2001 నాటికి సౌందర్య సాధనాలలో దానిని తొలగించింది. అమెరికాలో 2020 చట్టంతో వైద్యుని చీటీ లేకుండా అమ్మే హైడ్రోక్వినోన్ అంగడి నుండి తొలగింది.

భారతదేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ విపణిలోకి వచ్చినదీ 1975లోనే. 2020లో ఆ పేరు మారింది. దానిలో ప్రధానంగా చెప్పిన నియాసినమైడ్ టైరోసినేజ్‌ను అణచేది కాదని, తయారైన మెలనోసోములు పక్క కణాలకు చేరడాన్ని తగ్గించేదని 2002లో వచ్చిన పరిశోధన సూచించింది. కాబట్టి మన దేశపు తెల్లదనపు వ్యాపారాన్నంతటినీ ఈ ఎంజైము ఖాతాలో రాయడం శాస్త్రీయం కాదు. ఇక్కడి ప్రమాదం మరొక దారిన వచ్చింది. క్లిగ్‌మన్ మిశ్రమానికి వారసులైన మూడు మందుల లేపనాలు, అందులోని స్టీరాయిడ్‌తో సహా, మందుల దుకాణాలలో చీటీ లేకుండా దొరికాయి. అబీర్ సారస్వత్, సహచరులు 2011లో ప్రచురించిన బహుకేంద్ర అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది స్టీరాయిడ్ లేపనాలు వాడుతున్నట్లు తేలింది. 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టీరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ తప్పనిసరి అయిన జాబితాలోకి చేర్చింది.

జపాను అనుభవం

హైడ్రోక్వినోన్ మీద అనుమానాలు పెరిగిన కాలంలో జపాను పరిశోధకులు ప్రత్యామ్నాయాల కోసం తమ వంటశాలల వైపు చూశారు. కోజిక్ ఆమ్లం వారి సోయా, సాకే తయారీలో వాడే కోజి బూజు నుండి వచ్చినది. సైతో దానిని 1907లో గుర్తించాడు. ఎంజైములోని రాగిని పట్టుకొని అది పనిచేస్తుంది. 1980ల చివర లేపనాలలో చేరిన ఆ ఆమ్లాన్ని, ఎలుకల కాలేయంపై ప్రభావం గురించిన సందేహంతో 2003లో ప్రభుత్వం నిలిపివేసింది. అదనపు పరిశీలన పిదప 2005లో తిరిగి అనుమతించింది.

అంతకంటె తీవ్రమైన ఘట్టం రోడోడెండ్రాల్‌ది. బిర్చ్, మేపుల్ జాతి చెట్ల బెరడులో కనిపించే ఈ ఫినాల్‌ను టైరోసినేజ్ నిరోధకంగా గుర్తించి, 2008లో ప్రభుత్వ ఆమోదంతో కానెబో సంస్థ లేపనాలలో చేర్చింది. పరీక్షనాళికలో అది టైరోసిన్‌కు పోటీగా ఎంజైమును ఆక్రమించి మెలనిన్‌ను తగ్గించింది. 2013 జూలైలో ఆ సంస్థ తన ఉత్పత్తులను అంగళ్ల నుండి వెనక్కు తీసుకున్నది. వాడినవారిలో పదివేలకు పైబడి ముఖం, మెడ, చేతుల మీద తెల్లమచ్చలకు గురయ్యారు. వాడకం మానిన తరువాత చాలామందికి రంగు తిరిగి వచ్చినా, కొందరికి రాలేదు.

షోసుకే ఇతో, కజుమాసా వకమత్సు మొదలైన జపాను రసాయనశాస్త్రవేత్తలు ఆ తరువాత ఏం జరిగిందో నిరూపించారు. టైరోసినేజ్ రోడోడెండ్రాల్‌ను క్వినోన్‌గా మార్చింది. ఆ క్వినోన్, దాని నుండి పుట్టిన ఇతర పదార్థాలు వర్ణకకణాన్ని చంపాయి. టైరోసినేజ్ లేని కణాలకు అదే మోతాదు అంత హాని చేయలేదు. అంటే 1939లో రబ్బరు తొడుగులు చూపిన పాఠమే 74 సంవత్సరాల తరువాత, పూర్తి అనుమతులతో, సౌందర్య సాధనంగా మళ్లీ ఎదురైంది. ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి కావలసిన జ్ఞానం అప్పటికే గ్రంథాలలో ఉంది. పోటీ నిరోధకం అన్న పేరు పెట్టగానే ఆ పదార్థాన్ని ఎంజైము మార్చదన్న భ్రమ కలగడమే ఇక్కడి మేధోలోపం. ఎంజైము స్థానాన్ని ఆక్రమించగల ఫినాల్ చాలా సందర్భాలలో అక్కడ మార్పుకు కూడా లోనుకాగలదు.

పుట్టగొడుగు ప్రతినిధిత్వం

పరిశోధనాపద్ధతిలోని లోపం ఇంతకంటె విస్తృతమైనది. పుట్టగొడుగు టైరోసినేజ్ చవక, సులభంగా దొరుకుతుంది. డోపా ద్రావణంలో దానిని కలిపి, ఏర్పడే డోపాక్రోమ్ రంగును 475 నానోమీటర్ల వద్ద కొలిస్తే కొద్ది నిమిషాలలో ఫలితం వస్తుంది. అందువల్ల దశాబ్దాల పాటు ప్రపంచమంతటా, మన విశ్వవిద్యాలయాలతో సహా, నిరోధకాల వేట ఈ ఎంజైముపైనే సాగింది. కాని అది కోశద్రవంలో కరిగి ఉండేది, మానవ ఎంజైము పొరకు అంటి ఉండే చక్కెర ప్రోటీను. వాటి అమైనో ఆమ్ల క్రమాలలో పోలిక స్వల్పం.

2018లో మాన్, కోల్బె ప్రభృతులు ప్రకటించిన పరిశోధన ఈ తేడాను అంకెలలో చూపింది. కృత్రిమంగా ఉత్పత్తి చేసిన మానవ టైరోసినేజ్‌పై వారు 50,000 పదార్థాలను పరీక్షించారు. ఎంజైము చర్యను సగానికి తగ్గించడానికి కోజిక్ ఆమ్లం 500 మైక్రోమోలార్‌కు మించి కావలసివచ్చింది. హైడ్రోక్వినోన్, ఆర్బుటిన్ అంతకంటె బలహీనంగా పనిచేశాయి. వారు ఎన్నుకున్న థయామిడాల్ అనే రిసార్సినాల్ జాతి పదార్థానికి 1.1 మైక్రోమోలార్ చాలింది. అదే పదార్థం పుట్టగొడుగు ఎంజైముపై 108 మైక్రోమోలార్ వద్ద గాని అంత పనిచేయలేదు. పుట్టగొడుగుతోనే వెదకి ఉంటే దానిని పక్కన పడవేసి ఉండేవారు. ఇది సౌందర్య సాధనాల సంస్థ పరిశోధన అన్న సంగతిని దృష్టిలో ఉంచుకున్నప్పటికీ, పద్ధతికి సంబంధించిన ఆ విమర్శను తోసిపుచ్చలేము.

రిసార్సినాల్ జాతికి కోస్తాంధ్రతో ఒక సంబంధం ఉంది. పట్టిన రొయ్యలను మంచులో ఉంచినా తల దగ్గర నల్లబడి ధర పడిపోతుందని భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల వ్యాపారులకు తెలుసు. ఆ నలుపు కూడా రాగి ఎంజైము పనే. దానిని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ వాడతారు. ఉబ్బసం ఉన్నవారికి సల్ఫైట్లు పడకపోవడంతో, 1990ల ప్రారంభంలో ప్రత్యామ్నాయంగా 4-హెక్సైల్ రిసార్సినాల్ వచ్చింది. రొయ్యల పెంకును కాపాడిన పదార్థపు చుట్టాలే నేడు మనుషుల ముఖలేపనాలలో ఉన్నాయి.

ఇక మొక్కల కషాయాలపై జరిగే పరీక్షలలో మరొక పొరపాటు దొర్లుతుంది. విటమిన్ సి వంటి క్షయకరణ పదార్థాలు డోపాక్వినోన్‌ను తిరిగి డోపాగా మారుస్తాయి. రంగు కనిపించదు, ఎంజైము మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అటువంటి ఫలితాన్ని నిరోధమని రాయడం తప్పు. ఆక్సిజన్ వినియోగాన్ని కొలిస్తే ఆ తప్పు బయటపడుతుంది.

ఎంజైము నిర్మాణాన్ని కంటితో చూసే ప్రయత్నాలు కూడా చాలాకాలం ఇతర జీవుల చుట్టూనే తిరిగాయి. 2006లో ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా ఎంజైము, 2011లో పుట్టగొడుగు ఎంజైము స్ఫటిక నిర్మాణాలు వెలువడ్డాయి. 2017లో మానవ ఎంజైముకు దగ్గరి బంధువైన టైరోసినేజ్ సంబంధిత ప్రోటీన్-1 నిర్మాణం తెలిసింది. అందులో రాగి ఉండవలసిన చోట జింకు ఉండడం పరిశోధకులను ఆశ్చర్యపరచింది.

లక్ష్యం తిరగబడిన వైనం

1987లో క్వాన్, హాలబన్ ప్రభృతులు మానవ టైరోసినేజ్ జన్యుక్రమాన్ని గుర్తించి, అది ఎలుకలలోని ఆల్బినో స్థానానికి సరిపోతుందని చూపారు. 529 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీనులో లోపం ఏర్పడితే మొదటి తరహా ఆల్బినిజం వస్తుంది. అణచవలసిన ఎంజైముగా మాత్రమే దానిని చూసినవారికి, అది లోపించిన మనుషుల జీవితం ఎదురుగా నిలిచింది. 1993లో బెల్జియం పరిశోధకులు మెలనోమా క్యాన్సరు కణాలపై టైరోసినేజ్ తునకలను రక్షణకణాలు గుర్తిస్తున్నాయని కనుగొన్నారు. దానితో అదే ఎంజైము క్యాన్సరు చికిత్సలో దాడికి గురిగా కూడా పనికివచ్చింది. ఫినాల్‌లను విషంగా మార్చే గుణాన్నే మెలనోమా కణాలను చంపడానికి వాడుకోవచ్చన్న ఆలోచన జింబో వంటివారు ముందుకు తెచ్చారు.

మనుషుల మధ్య రంగు తేడాలకు ఈ ఎంజైము పరిమాణం కారణం కాదన్న సంగతి కూడా క్రమంగా తేలింది. నల్లచర్మంలోనూ తెల్లచర్మంలోనూ టైరోసినేజ్ మొత్తం ఇంచుమించు సమానమని, దాని చురుకుదనమే వేరని 1990లలో పరిశీలనలు చూపాయి. మెలనోసోము లోపలి ఆమ్లత ఎక్కువైతే ఎంజైము మందగిస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, సహచరులు 2013లో ప్రకటించిన అధ్యయనం దక్షిణాసియా ప్రజల చర్మవర్ణ వైవిధ్యంలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు ప్రభావాన్ని నిరూపించింది. అది టైరోసినేజ్ జన్యువు కాదు, అయాన్ల మార్పిడికి సంబంధించినది. ఆ తేలికవర్ణపు జన్యురూపం దక్షిణాసియాలోనూ ఐరోపాలోనూ ఒకే మూలం నుండి వచ్చినదని కూడా వారు చూపారు.

2011లో అమెరికా జాతీయ నేత్ర సంస్థ పరిశోధకులు నిటిసినోన్ అనే మందును ఆల్బినిజం ఉన్న ఎలుకలకు ఇచ్చారు. అది టైరోసిన్ విచ్ఛిన్నాన్ని ఆపి రక్తంలో దాని మోతాదును పెంచుతుంది. పూర్తిగా చచ్చుబడని, కొంత మేరకు మాత్రమే బలహీనమైన టైరోసినేజ్ గల ఎలుకలలో వెంట్రుకలకు, కళ్లకు రంగు పెరిగింది. ఇదే నిటిసినోన్ హోమోజెంటిసిక్ ఆమ్లం ఏర్పడకుండా ఆపుతుంది కనుక, విర్కో పేరుపెట్టిన ఆక్రోనోసిస్‌కు మూలమైన ఆల్కాప్టోన్యూరియాకు 2020లో ఐరోపా ఔషధ సంస్థ దానిని ఆమోదించింది. 2019లో ఆల్బినిజం గల ఐదుగురు పెద్దవారిపై ఏడాదిపాటు సాగిన తొలి పరీక్షలో జుట్టు, చర్మం కొద్దిగా ముదిరాయి. చూపు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు. కంటిలోని చూపుకేంద్రం పుట్టుకకు ముందూ, పసితనంలోనూ రూపుదిద్దుకుంటుంది. ఆ దశలో లేని మెలనిన్‌ను పెద్దయ్యాక ఇచ్చిన మందు తెచ్చిపెట్టలేదు.